పాచిక ఎంత పడినా

"సార్, తలుపు తీయవచ్చా?"

ఆ ఆటలో నేను మొట్టమొదట పలికిన మాట అది. నా పాత్ర నది మీద పడవ నడిపే మనిషి. వరదలో కూడా గడ వేసి జనాన్ని దాటించగలదని, ఎవరి మాటా వినదని కాగితం మీద నేనే రాసుకున్నాను. ఆమె ఎదురుగా పాడుబడ్డ సత్రం, దానికి గొళ్ళెం కూడా లేని తలుపు. అంతటి మనిషి చేత ఆ తలుపు తోయించడానికి నేను పర్మిషన్ అడిగాను. ఆట నడిపే సార్ కాసేపు ఆలోచించి, "తీయండమ్మా" అన్నారు. నాకు సంతోషం కూడా వేసింది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

అడిగింది నేనొక్కదాన్నే కాదు. మా బల్ల దగ్గర ఒక టీసీ ఉండేవాడు. నాంపల్లి స్టేషన్ నుంచి బయల్దేరే రైళ్ళలో డ్యూటీ. టికెట్ లేనివాళ్ళు ఆయన నల్లకోటు చూసి బాత్రూముల్లో దాక్కుంటారు. ఆటలో ఆయన సిపాయి. ఎదురుగా తోడేలు పళ్ళు చూపిస్తుంటే, "సార్, కత్తి దియ్యొచ్చా?" అని వినయంగా అడిగేవాడు. వేరే దేశాల్లో ఈ ఆట ఆడేవాళ్ళు ఇలా అడుగుతారని నేను అనుకోను. ఒకటో తరగతి గుమ్మం దగ్గర "మే ఐ కమిన్ సార్"తో మొదలుపెట్టి, లక్డీకాపూల్ ఆఫీసుల్లో బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడేదాకా మాకు బాగా వచ్చిన విద్య అదొక్కటే. ఉత్తుత్తి అడవిలో కూడా ఒకరి చేత ఊఁ అనిపించుకోకుండా అడుగు వేయలేకపోయాం.

ఆట గురించి చెప్పాలి. దీనికి బోర్డు ఉండదు, కాయలు ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. కథ నడిపే మనిషి, "మీరు నది ఒడ్డుకు వచ్చారు, వంతెన కూలిపోయి ఉంది, ఏం చేస్తారు?" అంటాడు. మనం ఏం చేస్తామో నోటితో చెప్పాలి. అది జరుగుతుందో లేదో అనుమానం ఉన్నచోట ఇరవై ముఖాల పాచిక వేస్తారు. అంతే. వినడానికి పిల్లలాటలా ఉంటుంది. ఆడేటప్పటికి నాకు నలభై రెండేళ్ళు, గన్‌ఫౌండ్రీలో ఒక బీమా ఆఫీసులో ఉద్యోగం, రెండు పూటలా బీపీ మాత్ర.

ఆడే చోటు నాంపల్లి స్టేషన్ రోడ్డులో మేడమీది టైపు ఇన్‌స్టిట్యూట్. పదిహేడేళ్ళప్పుడు నేను తెలుగు టైపు లోయర్ గ్రేడు అక్కడే నేర్చుకున్నాను. అప్పుడు బ్యాచికి ఇరవై మంది. ఇప్పుడు స్టెనో పరీక్షలకు వెళ్ళే నలుగురైదుగురు వస్తారు, మిగతా మిషన్లు తొడుగులు వేసుకుని కూర్చున్నాయి. సార్ వాళ్ళ నాన్నగారు ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు గుంటూరు నుంచి ఉద్యోగరీత్యా ఇక్కడికి వచ్చారట. సార్ ఇక్కడే పుట్టారు, కానీ మాటలో అక్కడి యాస ఇంకా పోలేదు. ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల దగ్గర ఈ ఆట నియమాల పుస్తకం పట్టుకుని బేరమాడుతూ కనిపించారు. "ఆదివారం మధ్యాహ్నాలు ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగారు. చర్చి నుంచి వచ్చి పడుకుంటానన్నాను. "పడుకోవడం ఎందుకు, రామ్మా" అన్నారు.

అలా నలుగురమయ్యాం. సార్, టీసీ, నేను, కోఠి మహిళా కాలేజీలో ఎమ్మే చదువుతున్న ఒక అమ్మాయి. ఆ అమ్మాయి మొదటి రోజు నన్ను ఆంటీ అంది. నేను ఒకసారి చూశాను. అప్పట్నుంచి అక్కా అంటోంది.

సార్ కథ బాగా చెప్పేవారు. అబద్ధమెందుకు ఆడాలి. గొంతు తగ్గించి వర్షం గురించి చెప్తుంటే కింద ఆటోల హారన్లు వినిపించేవి కావు. కాకపోతే ఆ కథలో ఒక యువరాజు ఉండేవాడు. రాజ్యం పోగొట్టుకుని తిరుగుతుంటాడు. ఆ పాత్ర సార్‌దే. ఎక్కడ మాకు చిక్కు వచ్చినా యువరాజు వచ్చి తీర్చేవాడు. టీసీ మూడు దెబ్బలు కొట్టిన రాక్షసుణ్ణి యువరాజు ఒక్క దెబ్బకు పడగొట్టేవాడు. మేము ఆహా అనేవాళ్ళం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

ఏడాది ఇలాగే గడిచాక సార్ కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. రెండు ఆదివారాలు రాలేదు. ఆ రెండు వారాలూ ఆట ఆ అమ్మాయి నడిపింది. గళ్ళ కాగితం మీద మ్యాపు గీసుకొచ్చింది. ఎక్కడ ఏముందో అందులో రాసి ఉంది, ఏం జరుగుతుందో మాత్రం లేదు. బల్ల మధ్యలో పాచిక పెట్టి, "ఏం చేస్తరు?" అని ఊరుకుంది.

చివరికి టీసీయే, "నువ్వే చెప్పమ్మా, ఏం జెయ్యమంటవ్?" అన్నాడు.

"నాకెట్ల తెలుస్తదన్నా? గది మీ ఇష్టం."

"గట్లంటే ఎట్ల? యువరాజు యాడున్నడు?"

"ఈ మ్యాపుల లేడు."

ఒక గంటసేపు తప్పిపోయాం. టీసీ గుర్రం ఊబిలో దిగబడిపోయింది. నేను కొండచరియ పక్కన పడవ కట్టి, పొద్దున లేచి చూస్తే పడవ లేదు. ఎందుకు లేదంటే నేను ముడి సరిగా వేశానా అని ఆ అమ్మాయి అడిగింది, నేను పాచిక వేస్తే రెండు పడింది, అందుకు. మా గుర్రం, మా పడవ, మా తప్పు. ఆ సాయంత్రం నాంపల్లి నుంచి ఆబిడ్స్ దాకా నడిచాను. పడవ పోగొట్టుకున్నదాన్ని అంత హుషారుగా ఎందుకున్నానో అప్పుడు నాకే అర్థం కాలేదు.

తర్వాత ఒక శనివారం ఆ అమ్మాయే నన్ను లక్డీకాపూల్‌లో వాళ్ళ స్నేహితుల దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ కథ నడిపేవాళ్ళే ఉండరు. ఊరు, నది, రాజు, అన్నీ అందరూ కలిసి తలా ఒక మాట చెప్పి కట్టుకుంటారు. నేను నదికి ఉప్పునీళ్ళు అన్నాను, సరే అన్నారు. రాజుకు తోక అన్నాను, బాగుంది అన్నారు. మంచి పిల్లలు. కానీ కాదనే మనిషి ఒక్కడూ లేనిచోట నేను పట్టుబట్టడానికి ఏముంటుంది? నాకు కాదనే నది కావాలి. నియమం తెలిసి, ముందే చెప్పి, నా ముందే కాదనాలి.

సార్ నల్లకళ్ళద్దాలతో తిరిగొచ్చారు. పోయిన గుర్రం, పడవ ఊరికే మాకు తిరిగి ఇచ్చేశారు. ఎప్పటిలాగే రెండు ఫైలు అట్టలు అడ్డం నిలబెట్టి, వాటి వెనక పాచిక వేస్తూ, ఎంత పడిందో ఆయనే చెప్పసాగారు. ఆ రోజు దారి మూడుగా చీలింది. ఎడమకు అడవి, కుడికి వంతెన, సూటిగా సాలెల ఊరు. మేము అడవి ఎంచుకున్నాం. అడవిలో దారి సుంకం వసూలు చేసే ఒంటికన్ను సుంకరి ఎదురయ్యాడు. వాణ్ణి తప్పించుకుని వెనక్కి వచ్చి వంతెన దారి పట్టాం. వంతెన దగ్గర ఒంటికన్ను సుంకరి ఎదురయ్యాడు. సాలెల ఊళ్ళోకి పోయినా వాడే వచ్చేవాడని నాకు తెలిసిపోయింది.

ఎందుకంటే ఆప్షన్ ఫారాలు నాకు కొత్త కాదు. మా ఆఫీసులో బదిలీలప్పుడు నీకిష్టమైన మూడు ఊళ్ళు రాసివ్వమంటారు. నేను ఉద్యోగంలో మూడుసార్లు రాశాను. మూడుసార్లూ నేను రాయని నాలుగో ఊరికే వేశారు. "మీ ఆప్షన్ తీసుకున్నాం కదమ్మా" అని కూడా అన్నారు. ఎక్కడికి పంపినా వెళ్ళేదాన్నే. నా చేత ఇష్టం రాయించుకుని మరీ పంపారే, అది ఇప్పటికీ మింగుడుపడలేదు.

ఇంటికొచ్చి అమ్మతో అన్నాను. అమ్మకు ఈ ఆటంటేనే పడదు. "పాచికలు పట్టిన చేతులతోనే ప్రార్థన ఎట్ల చేస్తవే?" అంటుంది. ఆ రోజు మాత్రం అంతా విని, "నీకు చిన్నప్పటి నుంచి గిదే. వాగ్దానం కార్డు వెనక్కి ఏసిన పిల్లవు" అంది.

ముప్పై మూడేళ్ళైంది, అమ్మ మరిచిపోలేదు. మా సంఘంలో కొత్త సంవత్సరం పొద్దున ఆరాధన అయ్యాక వాగ్దానపు కార్డులు తీస్తారు. చిన్న కార్డుల మీద ఒక్కొక్క వాక్యం అచ్చువేసి, పళ్ళెంలో బోర్లా పెట్టి, వరసగా తిప్పుతారు. నీ చేతికి ఏది వస్తే ఆ ఏడాదికి దేవుడు నీకిచ్చిన మాట అది. ఇంటికి తెచ్చి బీరువా అద్దానికి అంటిస్తారు. తీసిన కార్డు వెనక్కి వేయకూడదు. నాకు తొమ్మిదేళ్ళప్పుడు పళ్ళెం నా ముందుకు వచ్చింది. పట్టుకున్న ఆంటీ బొటనవేలితో ఒక కార్డును ముందుకు తోసింది. నేను చూశాను. అయినా అదే తీశాను, అదే చేతికి తగిలింది కాబట్టి. విధేయత గురించి ఉంది. అల్లరిపిల్లకు తగ్గ వాక్యం దొరికిందని వెనక వరసలో నవ్వారు. నేను ఆ కార్డు పళ్ళెంలో పడేసి అడుగు నుంచి ఇంకొకటి లాగాను. దాన్ని చదివేలోపే వీపు మీద అమ్మ చెయ్యి పడింది.

"దేవుడిచ్చింది వెనక్కి ఏసినవ్ గదనే" అంది అమ్మ ఇప్పుడు మళ్ళీ.

"దేవుడియ్యలేదమ్మా. ఆంటీ ఇచ్చింది."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు" అని అమ్మ పప్పుకు పోపు పెట్టడానికి వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం కొంచెం ముందే వెళ్ళాను. సార్ చాయ్ చెప్పడానికి కిందికి దిగారు. ఊరికే ఉండలేక, నేను నేర్చుకున్న మిషన్, కిటికీ పక్కన రెండోది, దాని తొడుగు తీశాను. రోలరులో ఒక కార్బన్ కాగితం ఉండిపోయి ఉంది. కొత్తది, ఒక్కసారే వాడినది. అలాంటిదాన్ని వెనకవైపు నుంచి వెలుగుకు పెడితే అక్షరాలు చక్కగా చదవొచ్చు. నకలు పోయినా కార్బన్ చూసి మళ్ళీ కొట్టుకోవచ్చని మాకు నేర్పింది సారే. కిటికీకి పెట్టి చదివాను.

రాబోయే వారాలకు కథ మొత్తం అందులో ఉంది. సైనికులు తరుముకొస్తారు. మేము ఎటు వెళ్ళినా నది దగ్గరికే చేరతాం. యువరాజు పడవ ఎక్కుతుండగా బాణం వస్తుంది. ఆ కింద వాక్యం నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "పడవామె అడ్డుపడి మరణించును. పాచిక ఎంత పడినా."

కాగితం మీది మనిషే కదా అని మీరనవచ్చు. ఏడాదిన్నర పాటు వారానికి నాలుగు గంటలు ఆమె నేను. నా ఉద్యోగంలో, నా ఇంట్లో, నా సంఘంలో నేను చెప్పలేని "లేదు"లన్నీ ఆమె చేత చెప్పించుకున్నాను. ఆమె చచ్చిపోతుందని కాదు నా బాధ. ఆ యువరాజు కోసం చస్తుంది. పైగా అది నా ఇష్టమని అందరూ అనుకుంటారు, సార్ పాచిక వేసినట్టు నటిస్తారు. ఆ చావు ఒక్కటైనా ఆమెదై ఉండాలి. అంతకన్నా నాకేం అక్కర్లేదు.

కార్బన్ అక్కడే పెట్టి తొడుగు వేశాను. ఆ రోజు ఏం ఆడామో గుర్తులేదు. వారమంతా రగిలిపోయాను. మానేద్దామనుకున్నాను. నేను మానేస్తే ఆమె లేకుండానే ఆమెను చంపేస్తారు కదా అనిపించి, మానలేదు. మిగతా ఇద్దరికీ ఏమీ చెప్పలేదు. ఆదివారం చర్చి అయ్యాక అమ్మ కట్టిచ్చిన టిఫిన్ డబ్బాతో నేరుగా మేడెక్కాను.

కథ టైపు కొట్టినట్టే నడిచింది. సైనికులు తరిమారు, సాలెల ఊరు తగలబెట్టారు, మేము నది ఒడ్డుకు చేరాం. నది పొంగుతోంది. ఒడ్డున ఊరి జనం పదకొండు మంది, పిల్లాజెల్లాతో. యువరాజు పడవ వైపు నడిచాడు.

"సార్, నేను పడవలోకి ఊరివాళ్ళను ఎక్కిస్తున్నాను" అన్నాను.

సార్ తలెత్తారు. "యువరాజుగారితో పాటేనా అమ్మా?"

"జాగా లేదు సార్. ఆయన ఒడ్డున ఉంటారు."

టీసీ కిసుక్కున నవ్వి, సార్ ముఖం చూసి ఆపుకున్నాడు. "ఇప్పుడు నది దాటడం మంచిది కాదమ్మా, కాస్త ఆగవచ్చు" అన్నారు సార్. ఎప్పుడూ అనే మాటే. ఇన్నాళ్ళూ అలా అంటే ఆగేవాళ్ళం.

"ఆగను సార్. గడ వేస్తున్నాను."

"ఎంత పడాలి సార్?" అని అమ్మాయి అడిగింది.

సార్‌కు చెప్పక తప్పలేదు. "పన్నెండు. పన్నెండు గానీ పైన గానీ" అంటూ అట్టల వెనక పాచిక అందుకోబోయారు. నేను టిఫిన్ డబ్బా మూత తీసి, తుడిచి, బల్ల మధ్యలో బోర్లించకుండా పెట్టాను.

"ఇందులో వేద్దాం సార్. నేను వేస్తాను."

"నా మీద నమ్మకం లేదా అమ్మా?"

పాతికేళ్ళ కింద నా వేళ్ళు ఏ మీట మీద ఏది ఉండాలో పెట్టి చూపించిన మనిషి. అయినా నేను ఆగలేదు. "కార్బన్ చదివాను సార్" అన్నాను. ఏం చదివానో ఆ ఇద్దరికీ వినిపించేలా మొత్తం చెప్పాను. పాచిక ఎంత పడినా అన్న మాటతో సహా.

కింద బస్సు ఒకటి హారన్ కొడుతూనే ఉంది. సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "నలుగురూ ఆదివారం వదులుకుని వస్తారు. కథ బాగుండొద్దా అండీ? అదంతా వదిలేస్తే ఏమవుతుందో ఎవరికి తెలుసు? నేను చెడ్డ ఉద్దేశంతో రాయలేదు" అన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది.

"మీ కథ బాగుంటుంది సార్. అందులో మేము లేము. నాకు టైపు నేర్పేటప్పుడు మీరు ఒక్కసారి వేళ్ళు పెట్టి చూపించి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. తప్పు కొడితే కొట్టనిచ్చారు. ఇప్పుడు మా వేళ్ళు పట్టుకుని మీరే కొడుతున్నారు. మీ ఇష్టమైతే మీ ఇష్టమని చెప్పండి, వింటాను. పాచిక అని మాత్రం చెప్పకండి."

సార్ అట్టల వెనక నుంచి పాచిక తీసి నా అరచేతిలో పెట్టారు.

వేశాను. స్టీలు మూతలో గలగలా తిరిగి ఆగింది.

నాలుగు.

అమ్మాయి "అయ్యో అక్కా" అంది. నియమం నాకు తెలుసు. అంత వరదలో నాలుగు పడితే గడ విరుగుతుంది, మనిషి పోతుంది. సార్ నాకంటే ముందు తేరుకున్నారు. ముఖంలో గెలిచినట్టు ఏమీ లేదు, నిజంగానే బాధపడ్డారు. "పోన్లే అమ్మా, మళ్ళీ వెయ్యి. ఇది లెక్కలోకి తీసుకోను" అన్నారు.

ఒక్క క్షణం చెయ్యి ముందుకు వెళ్ళింది. పాచిక అక్కడే ఉంది, నలుగురం తప్ప ఎవరూ చూడలేదు. తొమ్మిదేళ్ళప్పుడు వెనక్కి వేసిన పిల్లనే నేను. కానీ ఆ కార్డును ఒక బొటనవేలు తోసింది. దీన్ని ఎవరూ తోయలేదు.

"వద్దు సార్. ఇది నేను తీసిన కార్డు" అన్నాను. నా పాత్ర కాగితం తీసుకుని, పేరు మీద అడ్డంగా గీత కొట్టాను. ఏడుపు వచ్చింది, ఏడ్చాను, సిగ్గుపడలేదు. ఆమె చచ్చిపోయింది. కార్బన్‌లో ఉన్నట్టే ఆ నది దగ్గరే చచ్చిపోయింది. కానీ యువరాజు ఒడ్డున నిలబడి ఉన్నాడు, పదకొండు మంది పడవలో ఉన్నారు, అది ఎవరూ టైపు కొట్టలేదు.

సార్ తన టైపు కాగితాలు ఒకటి, రెండు తిప్పి చూశారు. మూడోది కూడా చూశారు. వాటిలో ఏమీ దొరకలేదు. అన్నీ దొంతిగా సర్ది పక్క మిషన్ తొడుగు మీద పెట్టేశారు. "పడవ సుడిలో తిరుగుతోంది. నడిపే మనిషి లేదు. ఇప్పుడేమవుతుందో నాకు తెలీదండీ" అన్నారు. ఆయన ఆ మాట అనడం ఏడాదిన్నరలో అదే మొదలు. ఫైలు అట్టలు రెండూ మడిచి కింద పెట్టారు.

టీసీ కుర్చీలో ముందుకు జరిగాడు. "సార్, నేను నీళ్ళల్ల దూక..." అని ఆగాడు. నా వైపు చూశాడు, గీత కొట్టిన నా కాగితం వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"నీళ్ళల్ల దూకుతున్న సార్. అడుగుతలేను, చెప్తున్న."

సార్ డబ్బా మూతను ఆయన ముందుకు తోశారు.